వల వాటా

మా ఆయన గుండె ఎంతవరకు పనిచేస్తోందో చెప్పడానికి డాక్టర్లకు ఎకో మిషను కావాలి. నాకు ఏలూరు స్టేషన్లోని మెట్ల వంతెన చాలు. తాడేపల్లిగూడెంలో పాసింజరెక్కి ఏలూరులో దిగితే, మేము బయటికి వెళ్ళే వైపు ఆ వంతెన ఎక్కి దిగాలి. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన తర్వాతి వేసవిలో మా ఆయన సగం మెట్ల దగ్గర ఆగి, కమ్మీ పట్టుకుని, రేకుల మీద అంటించిన కోచింగ్ సెంటర్ కాగితాలు చదవడం మొదలుపెట్టారు.

"ఏవండీ, సీటుకి అప్లికేషన్ పెడుతున్నారా?" అన్నాను.

"ఫీజెంతో చూస్తున్నా," అన్నారు. ఆ రెండు మాటల మధ్య కూడా గాలి పీల్చుకున్నారు.

ఆయన గూడెంలో హైస్కూల్లో లెక్కల మాస్టారు. నేను ఏలూరు పక్కన వట్లూరులో ఒక ప్రైవేటు కాలేజీలో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పేదాన్ని. రోజూ రైల్లో పోయి రావడం నాకు అలవాటు. ఆయనకు ఏలూరుతో పని పడింది గుండె వల్లనే. అంతకుముందు చలికాలంలో ఏదో వైరస్ జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ మనిషి తేరుకోలేదు. పడుకుంటే దగ్గు, కూర్చుంటే కునుకు, సాయంత్రానికి చెప్పులు పట్టనంత వాపు. అత్తగారి వైపు వాళ్ళు నీరసం అన్నారు. చర్చి సంఘం పెద్దలు ఇంటికొచ్చి ప్రార్థన చేశారు. నేను ఆయన చీలమండ మీద వేలితో నొక్కి, పడిన గుంట పైకి లేవకపోవడం చూసి నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకున్నానంటే సంగతి బాగోలేదని మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఏలూరులో మేము చూపించుకున్న గుండె డాక్టరు చిన్నవయసువాడు. గుండె కండరం సాగి పల్చబడిందనీ, పిండాల్సినంత గట్టిగా రక్తాన్ని పిండలేకపోతోందనీ చెప్పాడు. మాత్రలు రాశాడు. ఆవకాయ జాడీ ఎక్కడ ఉందో కూడా మర్చిపొమ్మన్నాడు. ఆ తర్వాత గొంతు సవరించుకుని, తను ఒక పరిశోధనలో పనిచేస్తున్నాననీ, మా ఆయనలాంటి రోగులు కావాలనీ అన్నాడు.

"దేనికి కావాలి? కొయ్యడానికా?" అన్నాను.

"కాదు మేడమ్. మీరు జువాలజీ అన్నారు కదా, చెబుతాను వినండి."

విన్నాను. గుండె బలహీనపడితే కిందికి రక్తం తక్కువ పోతుంది. మూత్రపిండాలకు గుండె సంగతి తెలియదు. మనిషికి గాయమై రక్తం పోతోంది కాబోలనుకుంటాయి. వెంటనే ఉప్పునీ నీటినీ బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచమని ఒక హార్మోను బయల్దేరుతుంది. నిజంగా గాయమైనవాడికి అది ప్రాణం నిలబెడుతుంది. ఇక్కడ గాయం లేదు, అయినా అది ఆగదు. నీటితో ఒళ్ళు బరువెక్కిస్తుంది. అంతటితో పోకుండా గుండె కణాల్లో దూరి, మెత్తటి కండరం మధ్య పీచు అల్లడం మొదలుపెడుతుంది. సాయానికని వచ్చి ఇల్లు పట్టుకుని కదలని చుట్టంలాగా. ఆ హార్మోను కూర్చునే చోట ముందే పోయి కూర్చునే మాత్ర ఒకటి ఉంది. జబ్బు బాగా ముదిరినవాళ్ళకు అలాంటిది పనిచేస్తుందని అప్పటికే తెలుసు. మా ఆయనలాగా మధ్యలో ఉన్నవాళ్ళకు మేలో కీడో తెలియదు. అదే వీళ్ళ ప్రశ్న. సగం మందికి మందు, సగం మందికి అచ్చం అలాగే ఉండే సుద్ద మాత్ర. సీసా మీద నంబరు తప్ప ఏమీ ఉండదు. ఎవరిది ఏదో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు.

"అంటే మా ఆయనకి సుద్ద మింగించి, ఏమైపోతారో రాసుకుంటారన్నమాట."

"మామూలుగా ఇవ్వాల్సిన మందులన్నీ ఇస్తూనే ఉంటాం మేడమ్. ఇది అదనం."

"ఆ అదనమే సుద్దయితే?"

"మందే అయి, దానివల్ల చెడు జరిగితే? ఏది మేలో తెలిస్తే చీటీ మీద రాసి ఇచ్చేసేవాణ్ణి కదా. తెలియదు కాబట్టే అడుగుతున్నాను."

తెలియదు అని మొహం మీద చెప్పిన డాక్టరు అంతకుముందు నాకు తగల్లేదు. అందుకే ఒప్పుకున్నాను. ఈ మందు రక్తంలో పొటాషియం పెంచుతుందట. అందుకని తరచూ రక్తం ఇవ్వాలి, అదే నిండా ఉండే కొబ్బరి బొండాం ముట్టుకోకూడదు. మా గోదావరి వైపు జబ్బు మనిషిని చూడ్డానికి బొండాం లేకుండా పోవడమంటే చూడకుండా పోవడమే. వచ్చినవాళ్ళ చేతుల్లోంచి బొండాలు లాక్కుని నేను ఎంతమందికి చెడ్డదాన్నయ్యానో.

మా ఆయన ఆ రోజు డాక్టరు గదిలో ఇదంతా వింటూ ఫ్యాను వైపు చూస్తున్నారు. "సగం సగం అంటే ప్రాబబిలిటీ వన్ బై టూ," అని మాత్రం గొణిగారు. ఆ గొణుగుడు నేను పట్టించుకోలేదు.

అదే రోజు అదే బల్ల మీద ఇంకొకాయన కూడా ఆ పరిశోధనలో చేరాడు. కొల్లేటి లంకల్లో మనిషి. గట్లు కొట్టించినప్పుడు ఈయన చెరువూ పోయింది. అప్పట్నుంచీ మండవల్లి వైపు ఎవరిదో చెరువు చూసుకుంటున్నాడు. గుండెతోపాటు షుగరు కూడా ఉంది. మా ఇంట్లో ఆయన్ని కొల్లేటాయన అనేవాళ్ళం. ఇద్దరినీ ఒకే తారీఖుల్లో రమ్మనేవారు. నేను మా ఆయన్ని ఆసుపత్రిలో దించి కాలేజీకి పోయేదాన్ని. పరీక్షలయ్యాక ఇద్దరూ ఎదురుగా హోటల్లో కూర్చుని, చట్నీ లేకుండా ఇడ్లీ తినేవారు. ఆ బల్ల మీద ఇంకేం పంచుకుంటున్నారో నేను అడగలేదు. మగవాళ్ళిద్దరు ఇడ్లీ దగ్గర ఏం కుట్ర పన్నుతారనుకుంటాం?

వానాకాలం వచ్చేసరికి మా ఆయన ఒక్క దిండు మీద పడుకుంటున్నారు. స్కూల్లో పై అంతస్తు క్లాసు మళ్ళీ తీసుకున్నారు. ఏలూరు వంతెన ఆగకుండా ఎక్కి, పైన నిలబడి, వెనక వస్తున్న నాకోసం చేతి గడియారం చూసుకునేవారు. ఆ సీసాలో ఉన్నది మందేనని నాకు రూఢి అయిపోయింది. ఒక్క మనిషిని చూసి అలా తేల్చకూడదని క్లాసులో చెప్పేదాన్ని నేనే. చెప్పడం వేరు, పక్కన పడుకున్న మనిషి ఊపిరి సాఫీగా వినపడటం వేరు. ఆ సీసా ఆగిపోతే ఈయన మళ్ళీ సగం మెట్ల మీద కోచింగ్ కాగితాలు చదువుతారు. నా భయమంతా అదే.

క్రిస్మస్ దగ్గర పడుతుండగా ఆయన మళ్ళీ సగం మెట్ల దగ్గర ఆగారు.

"చలిగాలి," అన్నారు.

"చలిగాలికి ఆయాసమొస్తే ఉత్తరాదిలో ఎవరూ మిగలరు. మాత్ర వేసుకుంటున్నారా?"

"వేసుకుంటున్నానే బాబూ."

అబద్ధం కాదు. రోజూ అని నేను అడగలేదు, ఆయన అనలేదు.

ఆ వారంలోనే ఆదివారం గుడి నుంచి వచ్చి అన్నానికి కూర్చోబోతుంటే గేటు చప్పుడైంది. కొల్లేటాయన. చేతిలో మూత కట్టిన బకెట్టు, అందులో బతికున్న కొర్రమీను. రెండు బస్సులు మారి వచ్చాడు. గేటు నుంచి అరుగు దాకా రావడానికి గోడ పట్టుకున్నాడు.

"పండక్కి మాస్టారికి అట్టుకొచ్చేనండి. ఉప్పు లేకుండా వండండి మేడంగారూ, చేప తీపి చేపదేనండి."

"చేప సంగతి తర్వాత. అలా నడుస్తున్నారేంటండీ?"

"కాళ్ళు నా కాళ్ళలా లేవండి. బురదలో దిగబడినట్టు లాగేత్తన్నాయి. చేతులు కూడా తిమ్మిర్లండి."

"డాక్టరుగారికి చెప్పారా?"

"పోయిన్నెలలో రక్తం చూసి, అదేదో పెరిగిందన్నారండి. ఈ మందు నీకు పడలేదు, ఆపెయ్యమన్నారు. బొండాలు తాగేవా, తాగేవా అని ఒకటే అడగడం. లేదు బాబూ, ఒట్టు అన్నానండి. నమ్మలేదండి."

"మరి ఆపాక తగ్గాలి కదా?"

"ఆపలేదు కదండీ," అన్నాడు, కాఫీలో పంచదార వద్దన్నంత మామూలుగా. "నా మందు నాకు పడలేదు. మాస్టారి మందు మాస్టారికి బెమ్మాండంగా పడింది. అందుకని మాస్టారి సీసాలోంచి సగం నాకిచ్చేరండి. ఇప్పుడయ్యే యేసుకుంటన్నాను. దేవుడండి మాస్టారు."

నేను దేవుడి వైపు తిరిగాను. దేవుడు పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

"మీరు రోజు మార్చి రోజు వేసుకుంటున్నారా?"

"ఊఁ."

"ఈ నెలేనా, మొదట్నించీనా?"

పేపరు దిగలేదు. "మొదట్నించీ కలిపే పంచుకున్నాం. ఈ నెల ఆయనకి సీసా ఇవ్వలేదు కాబట్టి నాదాంట్లోంచి ఇచ్చాను. ఎందుకలా చూస్తావు? లెక్క చెప్తాను విను. ఇద్దరిలో ఒకరిది మందు, ఒకరిది సుద్ద అనుకో. కలపకపోతే ఒకడికి పూర్తిగా, ఒకడికి సున్నా. కలిపితే ఇద్దరికీ సగం గ్యారంటీ. ఏది న్యాయం?"

"ఇద్దరిదీ సుద్దయితే?"

"నష్టం లేదు."

"ఇద్దరిదీ మందయితే?"

"నష్టం లేదు."

"ఆయన మూత్రపిండాలు, మీ మూత్రపిండాలు ఒకలాంటివి కాకపోతే?"

పేపరు దిగింది. లెక్కల మాస్టారు ఆ కేసు వేసుకోలేదు.

కొల్లేటాయన నొచ్చుకున్నాడు. "మాస్టార్నేమనకండి. ముందు నేనే అన్నానండి. మా కాడ వేటకెళ్ళొస్తే చేపలన్నీ ఒడ్డున పోసి పోగులెడతామండి. సమంగా. ఒకడు అటు తిరిగి నిలబడి, ఇది ఫలానావోడిది, ఇది ఫలానావోడిదని చెప్తాడు. ఎవడికేదొచ్చిందో చూడకుండానే అయిపోద్ది. తగువుండదు. డాక్టరుగారూ అంతే కదండీ, చూడకుండా నంబరు చెప్పడం? కాపోతే ఆయన పోగులు సమంగా ఎట్టలేదండి. ఒకదాంట్లో చేపలు, ఒకదాంట్లో నాచు. అది తప్పు కదండీ. అందుకని మేమే సమం చేసుకున్నాం."

ఇంత అందమైన తప్పును నేను క్లాసులో ఎప్పుడూ వినలేదు. కానీ నా కళ్ళు ఆయన చేతుల మీదే ఉన్నాయి. వేళ్ళు మూసి తెరుస్తున్నాడు, పనిచేస్తున్నాయో లేదో చూసుకుంటున్నట్టు. మా ల్యాబ్‌లో కప్ప గుండెను బయటికి తీసి, ఉప్పునీటిలో కొట్టుకోనిచ్చి, దాని మీద పొటాషియం ద్రావణం చుక్క వేసి చూపించేదాన్ని. పిల్లలు నోట్సు రాసుకునేలోపే అది నెమ్మదించి, వదులై, ఆగిపోయేది. మళ్ళీ మామూలు నీరు పోసి కడిగితే కొట్టుకునేది. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. మనిషిని అలా కడగడానికి కుదరదు.

"లేవండి. ఏలూరు పోదాం, ఇప్పుడే."

"ఆదివారం కదా," అన్నారు మా ఆయన. "ఇక్కడే గూడెంలో ఎవరికైనా చూపిద్దాం. కాళ్ళు లాగుతున్నాయంటే చూడరా? పంచుకున్న సంగతి చెప్పక్కర్లేదు. ఇకమీదట మానేస్తాం, సరిపోతుంది."

"చెబితే ఏమవుతుంది?"

"ఇద్దర్నీ తీసేస్తారు. ఆయనకెలాగూ పడలేదు. నాకు..." ఆగిపోయారు. "నాకు పడింది. నువ్వే చూశావు కదా."

చూశాను. అందుకే ఆ మాట ఒక్క క్షణం నాకూ బాగుందనిపించింది. గూడెంలో చూపిస్తే ప్రాణం నిలవచ్చు, సీసా కూడా నిలవచ్చు. ఎంత తేలిక! కానీ చూసే డాక్టరుకు ఏం చెబుతాం? మందు ఆపేశాడనా? అప్పుడాయన పొటాషియం వైపు చూడనే చూడడు.

నేను కొల్లేటాయన ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"పోగులు పెట్టేటప్పుడు వలకి వాటా తీస్తారా?"

"తియ్యకపోతే ఎలాగండి? పడవకోటి, వలకోటి. అయ్యి తీశాకే మనుషులకి."

"వల వాటా ఎవరైనా తినేస్తే?"

"అమ్మో. ఆడ్ని మళ్ళీ పడవెక్కనివ్వరండి. వల చిరిగితే రేపు ఏమెట్టి కడతాం?"

"ఆ డాక్టరు నేస్తున్నది వల అండీ. ఈ మందు మీకేం చేసిందో, మా ఆయనకేం చేసిందో, ఇంకా ఎక్కడెక్కడి వాళ్ళకేం చేసిందో రాసుకుంటున్నాడు. రేపు పెదవేగిలోనో మీ లంకలోనో ఇంకో మనిషికి గుండె సాగిపోతే, షుగరున్నవాడికి ఇది ఇవ్వచ్చా, ఇస్తే చస్తాడా అన్నది అందులోంచే తేలాలి. మీ ఇద్దరి కాగితాల్లో ఇప్పుడన్నీ అబద్ధాలే. మీరు సమంగా పంచుకున్నది మీ వాటాలు కాదు. వాళ్ళది."

ఆయన బకెట్టు వైపు చూశాడు. లోపల కొర్రమీను తోక కొట్టుకుంటోంది.

"వల వాటా తినేశామా మాస్టారూ?"

"ఆవిడ అలాగే అంటుంది," అన్నారు మా ఆయన. గొంతు పెరిగింది. "గుళ్ళో బల్ల దగ్గర అందరం ఒకే రొట్టె తినట్లేదా? పక్కవాడికి పెట్టి తినడం పాపమైపోయిందా నీ సైన్సుకి?"

"ఆ రొట్టె తిని ఎవరి కాళ్ళూ పడిపోలేదండీ!"

డాక్టరు సెల్‌కి ఫోన్ చేశాను. మా ఆయన నా ఎదురుగా నిలబడి, వద్దు వద్దని చెయ్యి ఊపుతున్నారు. కాళ్ళు లాగడం, తిమ్మిర్లు చెప్పాను. డాక్టరు ప్రశాంతంగా విన్నాడు.

"మందు ఆపేసి నెల కావస్తోంది కదా మేడమ్. ఈపాటికి తగ్గిపోయుంటుంది. షుగరు వల్ల నరాలు అలా అవుతుంటాయి. రేపు ఓపీకి రమ్మనండి."

రేపు. రేపటిదాకా ఆగితే ఈ మనిషి ఉండడు. నేను నోరు తెరిచేలోపే కొల్లేటాయన చెయ్యి చాపి ఫోను తీసుకున్నాడు. వేళ్ళు పట్టు తప్పుతుంటే రెండు చేతులతో పట్టుకున్నాడు.

"బాబూ, ఆపలేదండి. మాస్టారి సీసాలోయి యేసుకున్నాను. మొదట్నించీ కలుపుకునే తిన్నామండి. వల వాటా తినేశామండి బాబూ."

అవతల డాక్టరు ఏమన్నాడో నాకు వినపడలేదు. ఫోను నా చేతికొచ్చేసరికి డాక్టరు గొంతు మారిపోయింది. "కారుందా? వెంటనే బయల్దేరండి. నేను ఆసుపత్రికి పోతున్నాను. దారిలో ఆయన చేత ఏమీ తాగించకండి."

వీధి చివర టాక్సీ దొరికింది. కొల్లేటాయన్ని వెనక సీట్లో నాకూ మా ఆయనకూ మధ్య కూర్చోబెట్టాను. అన్నం పళ్ళాలు అలాగే ఉండిపోయాయి. నేను ఆయన మణికట్టు మీద వేలు వేసి నాడి చూస్తూ కూర్చున్నాను. ఒక్కో దెబ్బకీ, తర్వాతిదానికీ మధ్య నాకు ప్రాణం పోయి వస్తోంది. భీమడోలు దాటాక రోడ్డు పక్కన బొండాల కుప్పలు మొదలయ్యాయి.

"ఒక్క బొండాం తాగితే ఈ నీరసం పోద్దేమోనండి," అన్నాడు ఆయన, పాపం, మెల్లగా.

నేను అరిచిన అరుపుకి డ్రైవరు బ్రేకు వేశాడు.

మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, ఎవరితోనో అన్నట్టు, "రేపట్నుంచి ఆ మెట్లు నేను ఎక్కలేను," అన్నారు.

"కింద నిలబడండి. మీకోసం రైలునే ఇటు తిప్పమంటాను," అన్నాను. అనేసి మొహం అటు తిప్పుకున్నాను. ఆయనకు ఏడుపు చూపించే అలవాటు నాకు లేదు.

ఆసుపత్రిలో ఈసీజీ కాగితం బయటికి వస్తుంటే డాక్టరు భుజం మీదుగా నేనూ చూశాను. మామూలుగా గుండ్రంగా లేవాల్సిన చోట గీత గుడారంలాగా మొనదేలి ఉంది. డాక్టరు వెంటనే కదిలాడు. నర్సు చేతిలోంచి కాల్షియం సిరంజి తీసుకుని, నరంలోకి నెమ్మదిగా ఎక్కిస్తూ, కళ్ళు మానిటరు మీంచి తీయలేదు. తర్వాత గ్లూకోజులో ఇన్సులిన్ కలిపి పెట్టారు. రక్తంలో తేలుతున్న పొటాషియాన్ని కణాల్లోకి తోసేస్తుంది అది. పుస్తకంలో ఒక వాక్యం. అక్కడ నిలబడి చూస్తే ఒక్కో గుడారం మొన కాస్త కాస్త అణగడం. ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. మా ఆయన వరండాలో గోడకు ఆనుకుని ఉన్నారు. లోపలికి రాలేదు.

గండం దాటాక డాక్టరు బయటికొచ్చి ఎవరికో ఫోన్ చేశాడు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు సీసా రహస్యం విప్పవచ్చట. రెండు నంబర్లూ చెప్పి, విని, ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"మాస్టారూ, మీ సీసాలో ఉన్నది మందు. ఆయన సీసాలో ఉన్నది సుద్ద."

మా ఆయన మొహంలో ఒక్క క్షణం వెలుగొచ్చింది. తనది మందే. ఆ వెంటనే మిగతా లెక్క కూడా అయిపోయినట్టుంది, మొహం నల్లబడిపోయింది. కొల్లేటాయన తన సుద్ద తను మింగి ఊరుకుంటే ఆయనకు ఏమీ అయ్యేది కాదు. ప్రేమగా చేతిలో పోసిన మాత్రలే ఆయన్ని ఇక్కడ పడుకోబెట్టాయి. డాక్టరు ఆపమన్న ఈ నెలలో కూడా ఆ మందు లోపలికి పోతూనే ఉంది. నా దగ్గర మాటలు చాలా ఉన్నాయి. ఆ మొహం చూసి ఒక్కటీ అనలేదు.

నా బదులు డాక్టరు అన్నాడు. "నేను ఆయన్ని బొండాం దొంగని చూసినట్టు చూశాను మేడమ్. సుద్ద తిన్నవాడికి మందు పడలేదని రాశాను. మీ ఇద్దరి రక్తం ప్రతి నెలా తీసి ఫ్రీజర్లో దాచాం, గుండెలో పీచు ఎంత అల్లుకుంటోందో కొలవడానికి. ఆ గొట్టాలు ఇక దేనికీ పనికిరావు. మీరు సైన్స్ లెక్చరరు. మీ ఇంట్లోనే ఇలా జరిగితే..."

"నా ఇంట్లో జరగలేదు బాబూ, మీ ఎదురు హోటల్లో జరిగింది," అన్నాను. తగ్గడం నాకు చేతకాదు. "పంచుకోవద్దని మీరు వీళ్ళకి చెప్పారా?"

"మందులు ఎవరైనా పంచుకుంటారా మేడమ్?"

"మా వైపు ఏదైనా పంచుకుంటారు. ఇద్దర్ని ఒకే బల్ల మీద కూర్చోబెట్టి, మీలో సగం మందికి ఉత్త సుద్దేనని చెప్పి, సీసాలు చేతికిచ్చి పంపారు. హార్మోను ఎక్కడ కూర్చుంటుందో కనిపెట్టారు గానీ, వీళ్ళిద్దరూ పోయి ఎక్కడ కూర్చుంటారో చూడలేదు."

డాక్టరుకు కోపమొచ్చింది. కాసేపటికి పోయింది కూడా. తర్వాత కొత్తవాళ్ళను చేర్చుకునేటప్పుడు ఆయన వల వాటా కథ చెబుతున్నాడని నర్సు చెప్పింది. ఎవరి పేరూ చెప్పడట.

ఇద్దర్నీ పరిశోధనలోంచి తీసేశారు. మా ఆయన తల వంచుకుని విన్నారు. అప్పుడు డాక్టరు, ఆ జాతిదే పాత మాత్ర ఒకటుందనీ, ఏ మందుల షాపులోనైనా దొరుకుతుందనీ అన్నాడు. చిన్న మోతాదులో మొదలుపెట్టి, రక్తం చూస్తూ ఇస్తానన్నాడు. "మీకు మేలే చేస్తుందని నేను అనను. చేసిందేమోనన్న అనుమానం మాత్రం ఉంది. నా అనుమానం తేలాలంటే మీలాంటివాళ్ళు చాలామంది సరిగ్గా మింగాలి," అన్నాడు. మా ఆయన నాతో రెండు రోజులు మాట్లాడలేదు. అది గెలుపో ఓటమో అప్పుడు తేల్చుకోలేకపోయాను.

పండగలు అయ్యాక మళ్ళీ ఆసుపత్రి బల్ల దగ్గర ముగ్గురం కలిశాం. ఈసారి మామూలు రోగులు వాళ్ళు. కొల్లేటాయన గోడ పట్టుకోకుండా నడుస్తున్నాడు. మా ఆయన్ని చూడగానే రెండు చేతులూ పట్టుకున్నాడు. మా ఆయన ఏదో చెప్పబోయారు.

"ఊరుకోండి మాస్టారూ. నేనడిగితే మీరిచ్చేరు. మీరడిగితే నేనివ్వనా?"

"అందుకే ఇద్దరూ ఏమీ అడక్కండి," అన్నాను.

రక్తాలిచ్చి బయటికొచ్చాం. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. నేను రిక్షా మాట్లాడి వెనక్కి తిరిగేసరికి, కొల్లేటాయన బొండాల బండి దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో చెక్కేసిన బొండాం, అందులో గొట్టం.

"ఎవరికది?"

"నాక్కాదండీ బాబూ! మాస్టారికి. మొహం వాడిపోయింది."

"ఆయనకీ కూడదు. ఇప్పుడు వేసుకునే మాత్రా అదే జాతిది."

"ఆయ్, తెలీదండి. మరి కొట్టించేశానే." బొండాం వంకా మా వంకా చూశాడు. "పోనీ, ముగ్గురం తలో గుక్కా..."

"తలో మూడో వంతు. అంత కొంచానికేం కాదులే," అన్నారు మా ఆయన, ఎంతో న్యాయంగా.

నేను బొండాం లాక్కున్నాను. నడిరోడ్డు మీద, రిక్షావాడూ బండివాడూ చూస్తుండగా, గొట్టం తీసి పారేసి, ఎత్తి పట్టుకుని, చివరి చుక్క దాకా నేనే తాగాను. పెద్ద బొండాం. మధ్యలో ఊపిరాడలేదు. ఆపితే ఇద్దరిలో ఎవరు చెయ్యి చాపుతారోనని ఆపలేదు. వాళ్ళిద్దరూ పక్కపక్కన నిలబడి, ఆశగా, మిగులుతుందేమోనని చూశారు.

స్టేషన్లో మా ఆయన ముందు నడిచారు. సగం మెట్ల దగ్గరికి వచ్చారు. కోచింగ్ కాగితాలు ఎండకు వెలిసిపోయి ఉన్నాయి. ఆయన చెయ్యి కమ్మీ మీదికి పోయింది. నేను కింద నిలబడిపోయాను. చెయ్యి కమ్మీ మీద అలాగే ఉంది, కాలు పై మెట్టు మీద పడింది. ఇంకోటి. నెమ్మదిగా ఎక్కారు, కానీ ఆగలేదు. పైకి చేరి వెనక్కి తిరిగి చూశారు. కడుపునిండా బొండాం నీళ్ళతో నేను సగం మెట్ల దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నాను.

"ఏంటి," అన్నారు పైనుంచి, "సీటుకి అప్లికేషన్ పెడుతున్నావా?"

జవాబు లేక కాదు. ఊపిరి లేక ఊరుకున్నాను.